కొండ దిగిన కంప్యూటరు

బ్యాంకు ఉద్యోగులకు బదిలీలు కొత్త కాదు. సామాను సర్దడం, కొత్త ఊళ్ళో పాలవాణ్ణీ గ్యాసు ఏజెన్సీనీ వెతుక్కోవడం మాకు అలవాటైపోయిన పనులే. అందుకే హోసూరు నుంచి కృష్ణగిరికి బదిలీ అయినప్పుడు నాకు పెద్దగా దిగులు కలగలేదు. రెండూ ఒకే జిల్లా, మధ్య దూరం యాభై కిలోమీటర్లు. "ఇదీ ఒక బదిలీయేనా, వీధి మారినట్టు!" అన్నాను మా శ్రీమతితో. ఆ మాట తప్పని నాకు మొదట తెలియజెప్పింది మనిషి కాదు, మా అబ్బాయి కంప్యూటరు.

హోసూరు చూడని పాఠకుల కోసం నాలుగు మాటలు. బెంగళూరుకు నలభై కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. చంద్రచూడేశ్వరస్వామి కొండ ఎక్కితే ఊరంతా కనబడుతుంది. 1970లలో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చాక అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ కర్మాగారాలతో ఊరి రూపే మారిపోయింది. మారనిది ఒకటి ఉంది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు ఈ తాలూకా మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయినా, సంతలో, పూలతోటల్లో, బస్టాండులో తెలుగు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. మా అబ్బాయి పెరిగింది ఆ తెలుగులోనే. బడిలో చదివింది తమిళం, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు వాడికి అంతంత మాత్రం. కానీ నోరు విప్పితే "పోతిమి, వస్తిమి" అని హోసూరు తెలుగు మాట్లాడతాడు.

వాడి ప్లస్ టూ పరీక్షలు అయ్యేదాకా హోసూరు ఇల్లు ఉంచుకుని, నేను రోజూ బస్సులో వెళ్ళివచ్చాను. మార్చి ఆఖరున సామాను దించాము. లారీలో మిగతావన్నీ వేశాం గాని, కంప్యూటరు పెట్టెను మావాడు లారీకి అప్పగించలేదు. కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, దానికి సీటు బెల్టు కూడా పెట్టాడు.

శూలగిరి దాకా గాలి హోసూరు గాలిలాగే ఉంది. రోడ్డు పక్కన కొత్తిమీర మళ్ళు, దూరంగా బండకొండలు. ఆ తర్వాత రోడ్డు దిగడం మొదలుపెడుతుంది. దక్షిణ పినాకిని నది కూడా ఇలాగే, హోసూరు దగ్గర కెలవరపల్లి జలాశయం దాటి కృష్ణగిరి ఆనకట్టకు దిగివస్తుంది. కురుబరపల్లి దగ్గరికి వచ్చేసరికి కారు అద్దంలోంచి వచ్చే గాలి వెచ్చబడింది. కృష్ణగిరి ఎత్తు సుమారు 500 మీటర్లే. కిలోమీటరు ఎత్తుకు సుమారు ఆరున్నర డిగ్రీలు తేడా అని చిన్నప్పుడు చదువుకున్న లెక్క ప్రకారం, ఈ దిగుడుకే రెండున్నర డిగ్రీలు పెరగాలి. దానికి తోడు చుట్టూ ఉన్న బండకొండలు పగలు తాగిన ఎండను రాత్రంతా వదులుతుంటాయి.

కృష్ణగిరి పాత ఊరు. పైన కోట, కింద పేట. 1791లో ఇంగ్లీషు సైన్యం పేటను పట్టుకున్నా పై కోటను మాత్రం పట్టలేక వెనుదిరిగింది. మరుసటి ఏడు శ్రీరంగపట్నం సంధితో బారామహల్ సీమ అంతా కుంపిణీ చేతికి పోయింది. ఆ తరువాత చాలాకాలం సేలం జిల్లాలోను, 1965 నుంచి ధర్మపురి జిల్లాలోను ఉండి, 2004లో సొంత జిల్లా అయింది. ఇప్పుడు ఊరి పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేవి మామిడిపండ్లు, పెద్ద రోడ్ల కూడలి. మేము అద్దెకు దిగిన ఇల్లు పాతపేటకు దగ్గరలో ఉంది. ఎత్తయిన కప్పు, కప్పు కింద చిన్న చిన్న వెంటిలేటర్లు, ఎదురెదురు కిటికీలు. ఇంటి యజమానురాలు ఎనభైకి దగ్గరపడ్డ తెలుగు ఆవిడ. ఊరంతా ఆమెను అవ్వ అనే పిలుస్తుంది, మేమూ అలాగే పిలిచాము.

రోడ్డు దుమ్ము ఎక్కువగా ఉందని, వైర్లు కంటికి కనబడకుండా ఉంటాయని, నేనే ఆ కంప్యూటరును గోడబీరువా కింది అరలో పెట్టించి తలుపు వేయించాను. నిజం చెప్పాలంటే ఆ పెట్టె మీద నాకు మొదటినుంచీ అంత ప్రేమ లేదు. ఆటల కోసం అంత డబ్బు పోయడమా అన్నది నా బాధ. రాత్రి తొమ్మిదయితే మావాడు చెవులకు హెడ్‌సెట్టు తగిలించుకుని, హోసూరు స్నేహితులు నలుగురితో కలిసి ఆడేవాడు. "ఒరే, వెనక ఉన్నాడు చూడరా! పోతిమి, అందరం పోతిమి!" అని అరుపులు. నేను పక్కగదిలోంచి విసుక్కునేవాణ్ణి.

ఏప్రిల్ రెండో వారంలో ఆ అరుపులు ఆగిపోయాయి. రెండు మూడు రోజులు హాయిగానే అనిపించింది. నాలుగోరోజు భోజనాల దగ్గర గమనించాను. వాడు మాట్లాడటమే మానేశాడు. అడిగితే, "పది నిమిషాలు ఆడగానే ఆగిపోతోంది నాన్నా. వాళ్ళు నా చోట్లో వేరేవాణ్ణి చేర్చుకున్నారు" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొత్త ఊళ్ళో వాడికి ఈడువాళ్ళు ఒక్కరూ లేరు. మాతో కాకుండా వాడు తెలుగు మాట్లాడేది ఆ ఒక్క గంటే. నేను ఆటలనుకున్నది వాడి ఊరు.

మర్నాడు తలుపు తీసి చూస్తే బీరువా అర పొయ్యిలాగా ఉంది. అద్దె రసీదు కోసం వచ్చిన అవ్వ తొంగిచూసి, "ఏమప్పా, మామిడికాయ మాగేసినట్టు ఆ పెట్టెను బీరువాలో మాగేసినావే! గాలాడకుంటే అది మాత్రం ఏం చేస్తుంది?" అంది. మామిడికాయలను గడ్డిలో కప్పి మూసిపెడితే లోపల వేడి పుట్టి పండుతాయి. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషికి అంతకన్నా దగ్గరి పోలిక ఏముంటుంది?

పెట్టెను బయటికి తెచ్చి కిటికీ పక్క బల్లమీద పెట్టాము. గదిలో వేడి 35 డిగ్రీలు. ఆట ఆడుతుంటే బీరువాలో 96 డిగ్రీలకు ఎక్కిన ప్రాసెసరు, బయట 88 దగ్గర నిలిచింది. ఇలాంటి యంత్రాలు 95, 100 డిగ్రీల దగ్గరికి వస్తే తమ వేగం తామే తగ్గించుకుంటాయి, ఇంకా వేడెక్కితే ఆగిపోతాయి. తరువాత మావాడు పక్కరేకు విప్పాడు. పావుగంటలో మరో తొమ్మిది డిగ్రీలు తగ్గింది. ఇది ఎవరైనా పైసా ఖర్చు లేకుండా చేసుకోగల పరీక్ష. రేకు విప్పితే వేడి బాగా తగ్గిందంటే యంత్రంలో లోపం లేదు, పెట్టెలోకి గాలి రావడం లేదన్నమాట. మా క్యాబినెట్టుకు ముందువైపు జల్లెడ ఉంది గాని దాని వెనక ఫ్యాన్లు లేవు, ఖాళీ చోట్లే ఉన్నాయి. వెనక మాత్రం ఒక చిన్న ఫ్యాను ఉంది. హోసూరు చల్లగాలి ఆ లోపాన్ని అన్నాళ్ళూ కప్పిపెట్టింది.

"ఆరు ఫ్యాన్లు కొనేద్దాం రా, పీడా పోతుంది" అన్నాను. మావాడు నవ్వి కాగితం, కలం తీసుకున్నాడు. పెట్టెలో 300 వాట్ల వేడి పుడుతోందనుకుందాం. దానిలోంచి నిమిషానికి 50 ఘనపుటడుగుల గాలి నడిస్తే, ఆ గాలి సుమారు 12 డిగ్రీలు వేడెక్కి బయటికొస్తుంది. గాలిని రెట్టింపు చేస్తే 6 డిగ్రీలు. మళ్ళీ రెట్టింపు చేస్తే 3. అంటే మొదటి రెండు ఫ్యాన్లు చేసే మేలు తరువాతి నాలుగూ చేయవు. ఎన్ని పెట్టినా గదిలో ఉన్న 35 డిగ్రీల కంటే కిందికి దిగేది లేదు. ఫ్యాను చల్లదనాన్ని పుట్టించదు, ఉన్న గాలిని కదిలిస్తుంది, అంతే. ఇన్నేళ్ళుగా ఫ్యాను కింద కూర్చుని పనిచేస్తున్న నాకు ఈ సంగతి ఎప్పుడూ తట్టలేదు.

ఆ ఆదివారం ఇద్దరం బెంగళూరు బస్సెక్కాము. సదర్ పత్రప్ప రోడ్డు, అందరూ ఎస్పీ రోడ్డు అంటారు, ఇలాంటి సామానుకు పేరుపడ్డ వీధి. మధ్యలో కురుబరపల్లి దగ్గర మావాడు డెల్టా ఎలక్ట్రానిక్స్ కర్మాగారం చూపించి, "ప్రపంచంలో ఇలాంటి చిన్న ఫ్యాన్లు ఎక్కువగా చేసే కంపెనీల్లో అదొకటి నాన్నా, తైవాన్ వాళ్ళది" అన్నాడు. ఇంటికి ఇంత దగ్గరలో ఫ్యాన్ల కంపెనీ కొమ్మ ఉండగా మేము తొంభై కిలోమీటర్లు పోతున్నామన్నమాట!

దుకాణంలో అబ్బాయి రంగురంగుల దీపాలున్న ఫ్యాన్లు ఆరు బల్లమీద పరిచాడు. ఆస్ట్రియా వారి నాక్టువా ఫ్యాన్లు కూడా చూపించాడు. గోధుమరంగు, మీగడరంగు కలిసి మా తాతగారి కాలపు రేడియోలా ఉన్నాయి. పేరున్న సరుకే కాని ధర మా అంచనాకు మించింది. మేము చూసుకున్న విషయాలు ఇవి. ఒకటి, కొలత. పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరిగి కూడా చిన్నదానంత గాలి తెస్తుంది, చప్పుడు తక్కువ. మా క్యాబినెట్టు ముందువైపు 140 మిల్లీమీటర్లవి రెండు పడతాయి, వెనక 120ది ఒకటి. రెండు, గాలి తోసే బలం. దీన్ని డబ్బామీద నీటిమట్టం మిల్లీమీటర్లలో రాస్తారు. ఎదురుగా జల్లెడ, దుమ్ము వడగట్టే తెర ఉన్నచోట ఈ అంకె కాస్త ఎక్కువ ఉండాలి. డబ్బామీది ఘనపుటడుగుల లెక్క అడ్డేమీ లేనప్పటిది కాబట్టి దాన్ని పూర్తిగా నమ్మకూడదు. మూడు, వైరు. నాలుగు పిన్నులదైతే మదర్‌బోర్డు వేడినిబట్టి వేగాన్ని చక్కగా దిద్దుకుంటుంది. నాలుగు, బేరింగు. చవకరకం వాటికంటే ఫ్లూయిడ్ బేరింగువి చప్పుడు లేకుండా ఎక్కువకాలం నడుస్తాయి. దీపాలు లేనివి మూడు తీసుకున్నాం. ఒక్కొక్కటి తొమ్మిది వందల లోపు.

బిగించడం ఇంటికొచ్చాక. ముందు కరెంటు ప్లగ్గు పీకి, పెట్టె ఇనుపభాగాన్ని ఒకసారి ముట్టుకుని, ఒంట్లోని స్థిరవిద్యుత్తును వదిలించుకోవాలి. ఫ్యాను మరలు మొదటిసారి ప్లాస్టిక్కును కోసుకుంటూ దిగుతాయి కాబట్టి గట్టిగానే తిప్పాలి. నాలుగూ సగంసగం బిగించి, ఆపైన ఎదురెదురు మూలలు పూర్తిచేయాలి. వైర్లు రెక్కలకు తగలకుండా వెనక్కి కట్టాలి. ఒక ఫ్యాను నన్ను బిగించమన్నాడు. ఎంతో శ్రద్ధగా బిగించాను. ఆన్ చేశాక మా శ్రీమతి దగ్గర అగరుబత్తి ఒకటి అడిగి ముందు పట్టుకున్నాడు. "కంప్యూటరుకి ధూపం కూడానా?" అంది ఆమె. కింది ఫ్యాను దగ్గర పొగ లోపలికి పోయింది. నేను బిగించిన పై ఫ్యాను దగ్గర ఎదురు తిరిగి నా మొహానికి కొట్టింది. తిరగేసి పెట్టానన్నమాట. ఫ్యానుకు స్టిక్కరు, అడ్డపట్టీలు ఉన్న వైపునుంచి గాలి బయటికొస్తుంది. మా అబ్బాయి ఏమీ అనలేదు, స్క్రూడ్రైవరు మళ్ళీ నా చేతికే ఇచ్చాడు.

ముందునుంచి రెండు లోపలికి, వెనకనుంచి ఒకటి బయటికి. వచ్చే గాలి పోయేదానికంటే కాస్త ఎక్కువ ఉంటే సందుల్లోంచి దుమ్ము లోపలికి దూరదు, తెర దగ్గరే ఆగుతుంది. ఆ తెరను కృష్ణగిరి దుమ్ముకు పదిహేను రోజులకొకసారి కడుగుతున్నాం. 50 డిగ్రీలవరకు ఫ్యాన్లు నెమ్మదిగా తిరిగేటట్టు, 80 దాటితేనే పూర్తివేగం అందుకునేటట్టు మావాడు అమర్చాడు. అదే గది, అదే 35 డిగ్రీలు, రేకులన్నీ మూసి ఉండగా ప్రాసెసరు 77 దాటలేదు.

అవ్వకు చూపించాము. వంగి, వెనక చెయ్యిపెట్టి చూసింది. "ఉడుకుగాలి వస్తాంది" అని తృప్తిపడి, కప్పు కింది వెంటిలేటర్ల వైపు వేలు చూపించి, "మా మామ ఇల్లు కట్టించేటప్పుడే ఈ యవ్వారమంతా చూసినాడు" అంది.

ఆ రాత్రి తొమ్మిదింటికి మావాడు హెడ్‌సెట్టు పెట్టుకున్నాడు. చాలాసేపు చప్పుడు లేదు. తన చోట్లో వచ్చిన కొత్త కుర్రవాణ్ణి వాళ్ళు వదులుకోలేదు, వీడు పిలుపు కోసం కాచుకుని కూర్చున్నాడు. పదింటికి ఎవరో ఇంటికి పోయినట్టున్నారు. "ఏమిరా, ఎప్పుడు వస్తివి?" అన్న మాట హెడ్‌సెట్టులోంచి నాకే వినబడింది. "ఇప్పుడే వస్తిని రా" అన్నాడు మావాడు. ఫ్యాన్ల చప్పుడు అసలు వినబడలేదు. అరుపులు మాత్రం పన్నెండుదాకా వినబడ్డాయి. నేను విసుక్కోలేదని చెబితే అబద్ధమవుతుంది, కానీ లేచి తలుపు వేయలేదు.

గోడబీరువా కింది అర ఖాళీగా ఉందని మే నెలలో అవ్వ అడిగి తీసుకుంది. ఇప్పుడు దాన్నిండా గడ్డిలో మాగేసిన మామిడికాయలు.