పప్పు మాడినా సరే, చూడండి

ఆడవాళ్లం టీవీ చూడటమంటే ఎలాగుంటుందో మీకు తెలియంది కాదు. కన్ను టీవీ మీద, చెవి కుక్కర్ విజిల్ మీద! అలాంటిది మొన్నామధ్య ఒక సినిమా చూస్తూ, పొయ్యి మీద పోపులోని కందిపప్పు అడుగంటిన సంగతే మర్చిపోయాను. మా తాండూరు కందిపప్పును మాడ్చుకున్నానంటే ఎంత లీనమైపోయానో చూడండి.

ఆ సినిమా 'రంగమార్తాండ'. కృష్ణవంశీ తీశారు, 2023 మార్చిలో వచ్చింది. హాలుకెళ్లి చూసినవాళ్లు మా వీధిలో ఒక్కరూ కనబడలేదు. మా అబ్బాయి వెతికి టీవీలో పెట్టిచ్చాడు.

కథ నాటకాలవాళ్లది. రంగస్థలం మీద రారాజులా వెలిగిన రాఘవరావు (ప్రకాష్ రాజ్) నటన మానేసి, ఉన్నదంతా పిల్లలకు రాసిచ్చేస్తాడు. ఆపైన ఆయనా, ఆయన 'రాజుగారూ' అని మురిపెంగా పిలుచుకునే భార్యా (రమ్యకృష్ణ) పడే అగచాట్లే సినిమా. మరాఠీలో శిర్వాడ్కర్ రాసిన 'నటసమ్రాట్' నాటకం దీనికి మూలమట. స్నేహితుడి వేషంలో బ్రహ్మానందం గారున్నారు. ఇద్దరు ముసలి నటులు ఒకరినొకరు ఆటపట్టించుకుంటుంటే నవ్వాను, ఆసుపత్రిలో ఆయన్ని చూసి కొంగు తడుపుకున్నాను. రెండో సగంలో ఏడుపు కాస్త ఎక్కువే, దాచడమెందుకు!

అన్నట్టు, రైల్లో పట్నం వెళ్తూ లింగంపల్లి దాటినప్పుడల్లా నాకు సురభి వాళ్లు గుర్తొస్తారు. 1885 నుంచి తాత, కోడలు, మనవడు అందరూ ముఖాలకు రంగేసుకుని నాటకాన్నే బతుకు చేసుకున్న కుటుంబాలు. ఈ సినిమా చూశాక వాళ్ల మీద గౌరవం రెట్టింపైంది.

అసలు సంగతి చెప్పనా? మా పుట్టిల్లు వికారాబాద్. అక్కడి ఇల్లు తమ్ముడి పేర రాసేస్తానని నాన్న అప్పటికే తయారై కూర్చున్నారు. ఆడపిల్లని, నేను నోరు తెరిస్తే వాటా కోసమంటారు. అందుకే ఏమీ అనకుండా, పండక్కి ఇద్దర్నీ తాండూరు పిలిచి ఈ సినిమా పెట్టాను. అయిపోయాక నాన్న చాలాసేపు మాట్లాడలేదు. అమ్మే నెమ్మదిగా, "ఇగో, రాసిచ్చేటప్పుడు మమ్మల్ని చూసుకోవాలని గూడ రాయించుండ్రి" అంది.

అమ్మ మాటలో పస ఉంది. 2007లో వచ్చిన వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ అదే చెబుతుంది. పోషించాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక పిల్లలు చూడకపోతే, ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు.

కాగితాలింకా నాన్న బీరువాలోనే ఉన్నాయి. తమ్ముడు మాత్రం ఫోన్ చేస్తే, "ఏం సినిమా చూపించినవక్కా!" అని పెట్టేస్తున్నాడు.