ముసురు రాత్రి చెరువు గట్టు మీద

గుడివాడ దాటి నందివాడ వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా పొలాలకన్నా చేపల చెరువులే ఎక్కువగా కనిపిస్తాయి. ఒకప్పుడిది వరి నేల. బుడమేరు కొల్లేటికి పోయే దారిలో పల్లంగా ఉండటంతో, వానాకాలంలో నీళ్లు నిలిచి పంట చేతికి దక్కేది కాదు. దాంతో రైతులు గట్లు పోసి శీలావతి, బొచ్చె పిల్లలు వదిలారు. పట్టుబడి చూడాలంటే ఏ తెల్లవారుజామునైనా వెళ్లొచ్చు. నేను మాత్రం ముసురు పట్టిన అక్టోబరు రోజుల్లో వెళ్లాను. చెరువు అడుగునున్న నీళ్లు పైకొచ్చే రాత్రి ఎలా ఉంటుందో చూడాలని.

చలిదేశాల లోతైన సరస్సుల్లో ఇది ఏటా వేళకు జరిగే పని. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. వేసవిలో పైన వెచ్చటి నీరు, కింద చల్లటి నీరు కలవకుండా నెలల తరబడి ఉండిపోతాయి. శరత్తులో పై నీరు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది, గాలి తోడై సరస్సంతా కలిసిపోతుంది. మంచు కరిగాక వసంతంలో మళ్లీ అదే. ఆ వారాల్లో చేప ఎక్కడుందో దొరకదని అక్కడి గాలం వేసేవాళ్లు ముందే సిద్ధపడతారు.

మన చెరువుకు అంత లోతు లేదు. మనిషి లోతు, మహా అయితే ఇంకొంచెం. అందుకే ఇక్కడ నీరు రుతువు కోసం ఆగదు. ఎండ కాసిన పగలు పై నీరు వేడెక్కి విడిపోతుంది, రాత్రి చల్లబడి మళ్లీ కలుస్తుంది. రోజూ కొంచెం కొంచెంగా కలిసే చెరువుకు ప్రమాదం లేదు. గాలి ఆడని ఉక్క రోజులు వరసగా వచ్చి, ఆ వెనకే ముసురు పట్టి, చల్లటి వానతో ఈదురుగాలి కొట్టిందంటే మాత్రం అన్నాళ్లూ అడుగున మగ్గిన నీళ్లన్నీ ఒక్కసారే పైకి లేస్తాయి.

నేను ఆగిన చెరువుకు కాపలా ఉండే పెద్దాయన సాయంత్రమే మోచేయి దాకా చెయ్యి నీళ్లలో పెట్టి చూశాడు. అరచెయ్యి ఎప్పుడో కనపడకుండా పోయింది. ‘‘పచ్చదనం మరీ చిక్కనైందండి. ఎండుంటే ఇదే బలం. ఎండ లేకపోతే ఇదే కొంప ముంచుద్ది’’ అన్నాడు. నీళ్లలోని సన్నటి నాచు పగలు ఎండలో ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి తనే దాన్ని వాడుకుంటుంది. మబ్బు కమ్మి పగటి రాబడి తగ్గినా రాత్రి ఖర్చు తగ్గదు. దానికితోడు అడుగు బురద పైకొస్తే, అందులోని కుళ్లు ఉన్న కాస్త ప్రాణవాయువునూ లాగేస్తుంది.

తెల్లవారుజామున ఆయన టార్చి వేశాడు. ముందు గట్టు వారన చిన్న రొయ్యలు కనిపించాయి, నీటి అంచుకు చేరి కదలకుండా ఉన్నాయి. మేత సంచులు కట్టిన కర్రల మీదికి నత్తలు ఎక్కాయి. ఆ తర్వాత కుళ్లిన కోడిగుడ్డు వాసన సన్నగా తగిలింది. ఇంకాసేపటికి బొచ్చెలు తేలాయి. గుండ్రటి నోళ్లు నీటి పైపొరకు ఆనించి గుటకలు వేస్తున్నాయి, వెలుగు పడ్డా బెదరడం లేదు. శీలావతులు వాటి వెనకే వచ్చాయి. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటే హాయిగా తిరిగే చేప, 1 దగ్గరికి పడిపోయేసరికి ఇలా పైకి చేరుతుంది.

ఆయన ఒక్క అడుగు కూడా తడబడలేదు. ఏరియేటర్లు తిప్పాడు, ఇంజను వేసి చెరువు నీళ్లనే తోడి ఎత్తు నుంచి మళ్లీ చెరువులోకే చిమ్మించాడు. కుర్రాళ్లు పడవ మీద ఆక్సిజన్ బిళ్లలు చల్లుతూ తిరిగారు. తెల్లారాక తవుడు సంచులు కట్టనివ్వలేదు. ఊపిరందని చేప తినదు, తినని మేత అడుగుకు చేరి ఇంకో రాత్రికి కుళ్లవుతుంది.

జనం దీన్ని వాతావరణం మీదికి తోసేస్తారు. నా మనసు అందుకు ఒప్పుకోదు. వాన, గాలి ఎప్పటివే. అడుగున పేరుకున్న కోళ్ల ఎరువు, మిగిలిపోయిన మేత, ఎకరాకు లెక్కకు మించి వదిలిన పిల్లలు మాత్రం మనవి. ఎండ బాగా ఉన్న రోజుల్లో గొలుసు లాగి అడుగు బురదను కదిలిస్తూ, పంట పంటకూ చెరువు ఎండగట్టి మట్టి తీయించే రైతులున్నారు. వాళ్ల చెరువులో కూడా నీరు కలుస్తుంది, అయితే పైకి రావడానికి అంత విషం ఉండదు. పంట విరామం లేకుండా చెరువు తిప్పే కౌలు లెక్కలు ఈ జాగ్రత్తను మింగేస్తున్నాయి. నాకు బాధ కలిగించింది అదే.

దివిసీమలో ఇదే కథ ఉప్పుతో నడుస్తుంది. నాగాయలంక వైపు వనామి రొయ్యల చెరువుల్లో ఉప్పు నీరు ఉంటుంది. పెద్ద వాన పడితే మంచినీరు తేలిక కాబట్టి పాల మీద మీగడలా పైనే నిలిచిపోతుంది. కింద ఉప్పు నీటికి గాలి తగలదు, రొయ్య ఉండేది ఆ అడుగునే. అందుకే అక్కడి రైతులు వాన మొదలవగానే ఏరియేటర్ చక్రాలు తిప్పి రెండు నీళ్లూ కలిపేస్తారు, తూము పై పలకలు తీసి వాననీటిని పైపైనే వదిలేస్తారు. రొయ్య మేత తింటోందో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలితే ఇక వేయడం మానేస్తారు.

అవనిగడ్డ దగ్గర కాలువ గట్టున గాలాలతో కూర్చున్నవాళ్లకు ఏరియేటర్లు లేవు గానీ, ఈ సంగతి అంతా తెలుసు. ముసురు పట్టిన మర్నాడు ఊరి చెరువు వైపు ఎవరూ పోరు. చేపలన్నీ కళ్ల ముందు తేలుతున్నా ఎర ముట్టవు. జీలుగు బెండు పొద్దంతా కదలదు. పారే కాలువలో నీరు పొరలుగా విడిపోదు కాబట్టి అక్కడికి వస్తారు, కొత్త నీరు దూకే తూము నోటి దగ్గర గాలం వేస్తారు. మురుగు కాలువల్లో అయితే కొర్రమీను, మార్పు, ఇంగిలాయి దొరుకుతాయి. అవి పైకొచ్చి గాలి పీల్చుకోగలవు, చెడ్డ నీళ్లలో కూడా బతుకుతాయి. చేపల చెరువుల్లోంచి నల్లనీళ్లు తోడి మురుగు కాలువలోకి వదిలిన రోజున మాత్రం అక్కడి పరకలు, జెల్లలు గట్టు వారన తేలతాయి. ఆ చేపను ఏరుకోవడం ఇష్టం లేదని వానపాముల డబ్బా పక్కన పెట్టుకున్న ఒకాయన చెప్పాడు.

చెరువులో శీలావతికి ఎప్పుడు గాలం వేయాలని ఆయన్నే అడిగాను. ‘‘ముసురు విడిచి మంచి ఎండ కాయనియ్యండి. నీళ్లు మళ్లీ పచ్చబడాలి. మూడో రోజో నాలుగో రోజో పొద్దెక్కాక పిండి ముద్ద వేసి చూడండి, అప్పుడు తింటది’’ అన్నాడు.