సుంకి ఘాటీలో రెండు పాత బండ్లు

మా జయపురం నుంచి సాలూరు వెళ్ళాలంటే కోరాపుట్టి, సునాబెడ, సిమిలిగుడ, పొట్టంగి దాటి, సుంకి దగ్గర ఘాటీ దిగాలి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా యీ రెండు వూళ్ళూ విశాఖపట్నం జిల్లాలోనివే. హద్దు మారింది గాని చుట్టరికాలు మారలేదు. మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు. సాలూరులో ఆమె అక్కగారున్నారు. మోకాళ్ళ నొప్పులతో అమ్మ బస్సు ఎక్కలేక, రెండేళ్ళుగా ఆ అప్పచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అందుకని వొక పాత కారు కొనాలని నిశ్చయించాము.

రెండు బండ్లు బేరానికి వచ్చాయి. ఒకటి ఆరేళ్ళ మారుతి డిజైరు. వెనుక డిక్కీ ఉన్న సెడాను. రెండవది పదకొండేళ్ళ మహీంద్రా స్కార్పియో, ఎత్తైన ఎస్.యు.వి. ధర ఇంచుమించు ఒకటే. అంటే అదే డబ్బుకు ఎత్తు బండి కావాలంటే వయసు మళ్ళినదాన్ని తెచ్చుకోవాలన్నమాట! రిజిస్ట్రేషను పదిహేనేళ్ళకు గనుక దానికి మిగిలింది నాలుగేళ్ళే. ఆ పైన మళ్ళీ తనిఖీ, రుసుము.

"ఘాటీకి ఎత్తు బండే కావాలి నాన్నా!" అని మా అబ్బాయి పట్టుబట్టాడు. తీరా లెక్క చూస్తే స్కార్పియో అడుగుభాగం నేలకు 180 మిల్లీమీటర్ల ఎత్తు, డిజైరుది 163. తేడా వేలి మందం!

బండ్లవారిద్దరూ తెలిసినవారే గనుక చెరొక ఆదివారం యివ్వడానికి ఒప్పుకున్నారు.

మొదట స్కార్పియో. అమ్మను పీట వేసి ఎక్కించాము. ఎత్తున కూర్చున్నందువల్ల లోయ అంతా కనిపించి ఆమె ఎంతో సంతోషించింది. సుంకి దాటాక మలుపులు మొదలయ్యాయి. ఎత్తు బండికి బరువు పైన ఉంటుంది గనుక మలుపు మలుపుకూ ఒరుగుతుంది. అమ్మ నిమ్మకాయ వాసన చూస్తూ కళ్ళు మూసుకుంది. సాలూరు చేరి పడుకున్నది సాయంత్రందాకా లేవలేదు. అక్కతో పది మాటలైనా ఆడిందో లేదో!

సాలూరు లారీలకు పేరుపడిన వూరు. అక్కడి వొక ముసలి డ్రైవరు, "బండి ఏదైతేనేం బాబూ, ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలండీ. బ్రేకునే నమ్ముకున్నవాడికి ఏ బండీ చాలదు," అన్నాడు.

మరుసటి ఆదివారం డిజైరు. దానిలో సీటు పల్లం. కూర్చోవడం సులువేగాని లేవడం కష్టం. అమ్మ నా చెయ్యి పట్టుకుని దిగింది. లోయ సగమే కనిపించింది. కాని ఒరుగు తక్కువ. నిమ్మకాయ సంచిలోనే ఉండిపోయింది. పెద్దమ్మ వంటింట్లో కుర్చీ వేయించుకుని కూర్చుంటే ఆ అప్పచెల్లెళ్ళ కబుర్లకు పొద్దు తెలియలేదు.

తిరిగి వస్తూ "ఏది కొందామమ్మా?" అని అడిగాను.

"మాట్లాడుకోనిచ్చిన బండి కొనరా నాయనా," అన్నది.

ఇంట్లో ఏడుగురుండి, దారి మట్టిదైతే మేమూ ఎత్తు బండే కొనేవాళ్ళం. పాత బండి కొనబోయే సోదరులకు నా మనవి ఒక్కటే. పొగ, క్లచ్చు చూసుకోండి. టైరు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలిపే నాలుగంకెలు చదువుకోండి. ఆ పైన యింట్లో పెద్దవారిని కూర్చోబెట్టుకుని, మీరు నిత్యం వెళ్ళే దారిలోనే ఒకసారి తిప్పి చూడండి.