మంగళగిరికి చదువుకొచ్చిన పిల్ల

సాయంత్రం క్లాసులు వదిలాక వడ్డేశ్వరం వైపు నుంచి వచ్చే షేర్ ఆటోల్లో ఇథియోపియా, టాంజానియా, జింబాబ్వే పిల్లలు కూడా మంగళగిరి బజారులో దిగుతున్నారు. వడ్డేశ్వరంలో బకింగ్‌హామ్ కాలువ పక్కనున్న కె.ఎల్. 1980లో ఇంజనీరింగు కాలేజీగా మొదలై 2009లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది. నాగార్జున విశ్వవిద్యాలయం 1976 నాటిది. నీరుకొండలో ఎస్.ఆర్.ఎం., ఐనవోలులో విట్ 2017లో వచ్చాయి. ఊరి చుట్టూ ఇన్ని పెద్ద చదువులు చేరాక దూరదేశాల పిల్లలు రావడంలో వింత లేదు. ఏళ్ల తరబడి మన మధ్యే ఉండి వెళ్లే ఆ పిల్లలకి ఒక రోజు ఎలా గడుస్తుందో మనం అడగకపోవడమే వింత.

డాలస్‌లో మన పిల్లలుండే అపార్ట్‌మెంటుకి ఎంత దూరంలో గోంగూర దొరుకుతుందో మా వీధిలో తల్లులందరికీ తెలుసు. ఇంటి ఓనరు మంచివాడా కాదా, మంచు పడిన రోజున బస్సు వస్తుందా రాదా, రాత్రి లైబ్రరీ నుంచి ఎవరితో కలిసి వస్తారు, అన్నీ తెలుసు. పరాయి దేశంలో చదువంటే సగం వంటగదిలో, బస్టాపులో, ఓనరు గుమ్మంలో జరిగేదేనని వాళ్లకి ఒకరు చెప్పనక్కర్లేదు. మరి ఇక్కడికొచ్చిన పిల్లలకి ఆ వంటగదీ, బస్టాపూ, గుమ్మమూ మనవే కదా.

మా మేడమీద పోర్షనులో ఇథియోపియా అమ్మాయి ఉంటోంది. పీజీ చదువుతోంది. అక్కడ డిగ్రీలో ఆమెకు పాఠాలు చెప్పిన మాస్టారు మన గుంటూరు జిల్లా మనిషేనట. ఆ దేశంలో యూనివర్సిటీలు పెరుగుతున్న రోజుల్లో మన అధ్యాపకులు చాలామంది వెళ్లి ఏళ్లకేళ్లు పనిచేసి వచ్చారు. వాళ్లు వేసిన దారినే ఇప్పుడు వాళ్ల శిష్యులు ఇటు వస్తున్నారు.

ఇల్లు దొరకడానికి ఆ పిల్ల చాలా తిరిగింది. విదేశీయులకి అద్దెకిస్తే 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపాలి. 180 రోజులు దాటిన వీసా మీద వచ్చినవాళ్లయితే 14 రోజుల్లో తమ పేరు నమోదు చేయించుకోవాలి. ఈ కాగితాల గొడవ మాకెందుకని కొందరు ఇల్లు ఇవ్వరు. ఇచ్చేవాళ్లలో కొందరు అద్దె పెంచి చెబుతారు. స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లు ఇక్కడ ఉద్యోగం చేయకూడదు గనక ఆ పెంచిన డబ్బు అక్కడెక్కడో వాళ్ల అమ్మానాన్నల కష్టంలోంచి రావాలి. ఇది అన్యాయమని నేను ఎవరి ముందైనా అంటాను. ఆ ఫారం నింపడానికి అరగంట పడుతుంది, అంతే.

వచ్చిన కొత్తలో ఆమె ఒక హాస్టల్లో ఉంది. ఆమె ఇంట్లోవాళ్లంతా ఆర్థడాక్స్ క్రైస్తవులు. బుధ, శుక్రవారాల్లోనూ, ఈస్టరుకు ముందు 55 రోజులూ మాంసం, గుడ్లే కాదు, పాలు, పెరుగు, నెయ్యి కూడా ముట్టరు. కార్తీక సోమవారాలూ శనివారాలూ పాటించే మన ఊళ్లో ఈ నియమం ఎవరికైనా చెబితే ఇట్టే అర్థమవుతుంది. చెప్పడానికే ఆ పిల్లకి మాట లేదు. పప్పులో నెయ్యి వేశారో లేదో వడ్డించే మనిషిని అడగడం రాక, ఆ రోజుల్లో ఉత్త అన్నంలో నిమ్మకాయ పచ్చడి కలుపుకుని తినేదట. వడ్డించిన ఆమెకి ఇంగ్లీషు రాదు, ఈ పిల్లకి తెలుగు రాదు. ఇద్దరి మధ్యా కావలసింది మూడు మాటల వాక్యం. ఆ సంగతి విన్నాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. నేను ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైన టీచరుని.

వాళ్లు రోజూ తినేది ఇంజెరా. టెఫ్ అనే మరీ సన్నని గింజల పిండిని పులియబెట్టి, పెద్ద పెనం మీద ఒకవైపే కాల్చే అట్టు అది. తెచ్చుకున్న టెఫ్ అయిపోగానే ఆ పిల్ల రాగిపిండి, బియ్యప్పిండి కలిపి పోయడం మొదలుపెట్టింది. రాగుల్ని మనం అచ్చంగా మనవే అనుకుంటాం గానీ, వాటిని మొదట సాగులోకి తెచ్చింది తూర్పు ఆఫ్రికా ఎత్తు నేలల్లో. వేల ఏళ్ల కిందటే సముద్రం దాటి మన పొలాలకొచ్చాయి. ఉపవాసపు రోజుల్లో అట్టులోకి శనగపిండిని ఉల్లి, వెల్లుల్లి, కారంతో ఉడికించి షిరో అనే కూర చేస్తుంది. ఆ కారం మన గుంటూరుదే. వాళ్ల దేశపు మసాలా కారానికి ఏమాత్రం తీసిపోదని కితాబిచ్చింది.

అందరూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తినడం వాళ్ల పద్ధతి. మనసైన మనిషికి స్వయంగా ముద్ద చుట్టి నోట్లో పెట్టడం పెద్ద మర్యాద. మా అత్తగారేమో ఎంగిలి పట్టింపు బాగా ఉన్న మనిషి. ఇంకొకరు తాగిన గ్లాసు కడిగినా మళ్లీ కడుగుతారు. ఆ పిల్ల ఇంజెరా తుంచి, షిరోలో అద్ది, ముద్ద చేసి ఆవిడ నోటి ముందు పెట్టింది. నేను ఏదో సర్దిచెప్పబోయేలోగా ఆవిడ నోరు తెరిచారు. నమిలి మింగి, "ఉప్పు సరిపోయిందే" అన్నారు. మర్నాడు మధ్యాహ్నం ఆవకాయన్నం కలిపి, మేడ మెట్ల దగ్గర నిలబడి ఆ పిల్లని పిలిచి తనే ముద్ద పెట్టారు. ఎనభై దాటిన మనిషి ఒక్క పూటలో ఎంత దూరం నడిచారో చూసి నాకు కళ్లు చెమర్చాయి.

ఆదివారాల్లో కాఫీ. అరకు పచ్చిగింజలు తెప్పించుకుంటుంది. కడిగి, మూకుట్లో నల్లబడేదాకా వేయిస్తుంది. పొగ లేవగానే ఆ మూకుడు తెచ్చి వచ్చినవాళ్లందరి ముందూ తిప్పుతుంది, వాసన చూడమని. తర్వాత మా రోట్లో దంచి, ఊరి నుంచి జాగ్రత్తగా తెచ్చుకున్న సన్నమెడ మట్టికూజాలో కాస్తుంది. పక్కనే సాంబ్రాణి. చిన్న చిన్న కప్పుల్లో మూడు విడతలు పోస్తుంది. మూడోది దీవెన కింద లెక్క, అది తాగకుండా లేవకూడదు. చికోరీ కలిపిన డికాక్షనులో సగానికి సగం పాలు పోసుకునే మా వీధి ఆడవాళ్లకి మొదట్లో ఆ చేదు ఎక్కలేదు. ఇప్పుడు పక్కింటి సుబ్బమ్మగారు మధ్యాహ్నం కునుకు మానుకుని మరీ వస్తున్నారు. మన అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అరబికా మొక్కకి పుట్టిల్లు మటుకు ఈ పిల్ల దేశపు అడవులే. ఎక్కడి నుంచి ఎక్కడికో తిరిగొచ్చిన ఆ గింజని ఆమె చేతిమీదుగా మళ్లీ తాగడం నాకు చాలా గొప్పగా ఉంటుంది.

ఇక మగ్గం సంగతి. గాలిగోపురం వెనక సందుల్లో నేతపనివాళ్ల ఇళ్లున్నాయి. 1807, 1809 మధ్య రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు కట్టించిన ఆ పదకొండు అంతస్తుల గోపురమే ఈ పిల్లలందరికీ కొండగుర్తు, ఎక్కడ తప్పిపోయినా దాన్ని చూసుకుంటూ వచ్చేస్తారు. ఒకరోజు అలా వస్తూ ఆ పిల్ల ఒక ఇంటి ముందు ఆగిపోయింది. లోపల గుంట మగ్గం మీద పెద్దాయన నేస్తున్నాడు, కాళ్లు గుంటలో, చేతిలో తాడు, నాడె అటూ ఇటూ పరుగెడుతోంది. "మా అమ్మమ్మ వాళ్ల వీధి ఇది" అంది నాతో, ఇంగ్లీషులో. ఇథియోపియా నేతగాళ్లదీ గుంట మగ్గమే. వాళ్లు నేసే తెల్లటి నూలు పైవస్త్రానికి ఒడలు సాదాగా ఉండి, అందమంతా అంచులోనే ఉంటుంది. మన మంగళగిరి చీరకీ ఒడలు సాదా, నిజాం అంచు దాని అందం. ఆమె బీరువాలోంచి తన పైవస్త్రం తెచ్చి ఆయనకి చూపించింది. ఆయన దాన్ని వెలుతురుకి పట్టి, పడుగు, పేక వేళ్లతో తడిమి, తిరగేసి, అంచు ఎలా కలిపారో చాలాసేపు చూశాడు. ఏం చెప్పాలో తెలియక భార్యని పిలిచి, "మనవాళ్ల పనే ఇది, మనవాళ్ల పనే" అన్నాడు. ఆ మాట ఆ పిల్లకి నేను చెప్పాల్సి వచ్చింది. నేను పక్కన లేకపోతే అది ఆమెకి అందకుండానే పోయేది.

ఆ రోజే పలక పట్టుకున్నాం. అక్షరాలకి భయపడుతుందేమో అనుకున్నాను. గుణింతం రాసి చూపించగానే పెద్దగా నవ్వింది. అమ్హారిక్ లిపిలోనూ ఒక్కో హల్లుకి ఏడు రూపాలు, లె లు లి లా లే ల్ లొ అంటూ పిల్లలు వరసగా వల్లిస్తారు. అచ్చు మారితే హల్లు ఒంటికి చిన్న తోకో కొమ్మో తగులుతుంది. అదే చదువు చిన్నప్పుడే అయిపోయిన పిల్లకి గుణింతం గురించి నేను చెప్పాల్సిందేముంది? ఒత్తుల దగ్గర మటుకు కాస్త కష్టపడింది. ఇప్పుడు బస్సు బోర్డులు, మందుల షాపు పేర్లు, గోడల మీది ప్రకటనలు కూడబలుక్కుని చదువుతుంది. మా వీధి పిల్లలు ఆమెకి నేర్పిన పిలుపే నాకూ వచ్చింది, "మామ్మగారూ" అని.

వచ్చిన పిల్లలకి ముందు తమ భాష నేర్పే దేశాలున్నాయి. అమెరికా నుంచి ఒక ఏడాది చదువుకని కొరియా వెళ్లే పిల్లల్లో చాలామంది మొదట కొరియన్ క్లాసులో కూర్చుంటారు. సియోల్‌లోని యోన్‌సే విశ్వవిద్యాలయం 1959లోనే విదేశీయులకి తమ భాష నేర్పడానికి ఒక విద్యాసంస్థ పెట్టింది. సేజోంగ్ రాజు 1446లో ప్రకటించిన అక్షరాలు నేర్చుకున్నాకే ఆ పిల్లలు కూరగాయలు బేరమాడతారు, సబ్‌వేలో దారి వెతుక్కుంటారు, హోటలామెతో నాలుగు మాటలు మాట్లాడతారు. మన దగ్గర చదువంతా ఇంగ్లీషులో సాగిపోతుంది, తెలుగు ముక్క రాకపోయినా పట్టా చేతికొస్తుంది. దాంతో ఆ పిల్లలు క్లాసులో బతుకుతారు, ఊళ్లో మూగగా ఉంటారు. ప్రతి యూనివర్సిటీ విదేశీ విద్యార్థికి మొదటి సెమిస్టరులో తెలుగు చెప్పాలి, మార్కులు ఇచ్చి మరీ చెప్పాలి. దానికి పెద్ద ఖర్చేం లేదు. రిటైరైన తెలుగు టీచర్లు ఈ చుట్టుపక్కల ఊళ్లలో చాలామందే ఉన్నారు.

మన నేలకి ఇది కొత్తేమీ కాదు. 639 ప్రాంతంలో చైనా నుంచి హుయాన్ త్సాంగ్ ధాన్యకటకం వచ్చాడు, మన అమరావతికి. సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల దగ్గర కొన్ని నెలలుండి అభిధర్మం చదువుకున్నాడు. వాళ్లిద్దరూ తిరిగి ఆయన దగ్గర మహాయాన శాస్త్రాలు చదువుకున్నారు. గురువులే శిష్యుడి ముందు కూర్చున్నారన్నమాట. ఆ తర్వాత 720ల్లో హ్యేచో అనే భిక్షువు కొరియా గడ్డ మీది సిల్లా నుంచి వచ్చాడు. దక్షిణాదిలో నడుస్తూ, నాగార్జునుడు కట్టించాడని చెప్పుకునే కొండ విహారం పాడుబడిందని రాసుకున్నాడు. ఆ దారిలోనే వెన్నెల రాత్రి ఇంటివైపు చూస్తూ, బెంగతో ఒక పద్యం కూడా రాసుకున్నాడు. దున్‌హువాంగ్ గుహల్లో 1908లో దొరికిన ఆయన యాత్రాగ్రంథంలో ఆ పద్యం ఇంకా ఉంది. ఇంటికి ఉత్తరం రాయాలన్నా తీసుకెళ్లేవాడు లేని ఆ కుర్రవాడి బెంగ తలుచుకుంటే, జనవరి ఏడున మా మేడమీది పిల్ల ముఖం గుర్తొస్తుంది. వాళ్ల క్రిస్మస్ ఆ రోజు. మనకి సెలవు ఉండదు. మొన్న ఆ రోజున ఇంటర్నల్ పరీక్ష రాసి వచ్చి, వీడియో కాల్లో వాళ్లమ్మ పెట్టిన విందు చూస్తూ కూర్చుంది. మా అత్తగారు సంక్రాంతికి వండాల్సిన అరిసెలు వారం ముందే వండించారు.

అన్నీ ఇంత బాగుంటాయని చెప్పను. బజారులో ఆమెను చూసి రంగు మీద మాటలు విసిరేవాళ్లున్నారు. ఇప్పుడు తెలుగు అర్థమవుతుంది గనక ఆ మాటలూ అర్థమవుతున్నాయి. ఆ సంగతి నాతో చెప్పినప్పుడు నేను తలెత్తుకోలేకపోయాను. నేర్చుకున్నందుకు బాధపడుతున్నావా అని అడిగితే, "లేదు మామ్మగారూ, ఇప్పుడు జవాబు చెప్పగలను" అంది. బస్సులో, గుడి దగ్గర, కూరగాయల బండి దగ్గర సెల్‌ఫోను ఎత్తి ఫోటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లు ఇంకా ఎక్కువ. వాళ్లలో చెడ్డ ఉద్దేశం ఉన్నవాళ్లు తక్కువే కావచ్చు. ఆ పిల్లకి మటుకు రోజూ అదే పని.

కొత్తగా వచ్చే పిల్లలకి మా వరండాలో తెలుగు చెబుదామని ఇద్దరం అనుకున్నాం. పాఠాలు నేను రాస్తున్నాను, ఏది ముందో తను చెబుతోంది. అక్షరాల్ని రెండో వారానికి జరిపింది. మొదటి రోజుకి తను ఎంచిన వాక్యాలు ఇవి: ఇందులో నెయ్యి వేశారా? గోపురం దగ్గర ఆపండి. జ్వరంగా ఉంది, డాక్టరుగారు ఉన్నారా? అద్దె అందరికీ ఇంతేనా? ఆఖరి వాక్యం నన్ను రాయనివ్వలేదు. తనే ఒత్తులతో సహా రాసి ఇచ్చింది: "అడగకుండా ఫోటో తియ్యొద్దండీ. అడిగి తియ్యండి, అప్పుడు నేనూ నవ్వుతాను, నా పేరు కూడా చెప్తాను."