అదీ పాసుపుస్తకమే

మా నాన్న పొలం పాసుపుస్తకాన్ని ట్రంకుపెట్టె అడుగున, పంచె మడతలో దాస్తాడు. అడిగినవాడికల్లా చూపించడు. అదే నాన్న మొన్న ఆసుపత్రి కౌంటరు దగ్గర ఫోనుకొచ్చిన ఓటీపీని పదిమందీ వినేలా చదివేశాడు. "చెబితేనే చీటీ అన్నార్రా" అన్నాడు. అలా ఆయనకి 14 అంకెల ఆరోగ్య ఖాతా వచ్చింది. పక్కనే నిలబడ్డ నేను, బి.యస్సీ. చదువుతున్నవాణ్ణి, నోరు మెదపలేదు.

ఆ ఖాతా చెడ్డదని నేననను. రెండేళ్ళ కిందట వానకి పాత చీటీలు తడిసిపోతే పరీక్షలన్నీ మళ్ళీ చేయించాం. 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ ప్రకటించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఈ బాధ తీర్చడానికే. దాని విధానంలో రాసుకున్న సూత్రాలూ మంచివే. ఖాతా తీసుకోవడం ఐచ్ఛికం. రికార్డులు ఒక్కచోట పోగుపడవు. ఏ ఆసుపత్రివి ఆ ఆసుపత్రిలోనే ఉంటాయి. రోగి సమ్మతి లేనిదే ఇంకొకరికి చేరకూడదు. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు.

అయితే మిత్రులారా, కాగితం మీది సమ్మతి వేరు, అర్థమై ఇచ్చిన సమ్మతి వేరు. వెనక జనం తోసుకుంటుంటే, జ్వరంతో నిలబడ్డవాడు ఏం ప్రశ్న అడుగుతాడు? నా దృష్టిలో మొదటి సూత్రం ఒక్కటే: "ఇది ఇందుకు. వద్దన్నా వైద్యం ఆగదు" అని కౌంటరులో మనిషి తెలుగులో రెండు ముక్కలు చెప్పాలి. చెప్పకపోతే చదువుకున్న మనమైనా చెప్పాలి.

ఆ రాత్రి నాన్నకి అంతా విడమరిచి చెప్పాను. చాలాసేపు ఊరుకుని, "అయితే అదీ పాసుపుస్తకమే కదరా!" అన్నాడు.