పటాన్‌చెరు చీకట్లో మాక్స్ పేన్!

సినిమా పత్రికలో వీడియోగేమ్ ఊసేమిటని ముఖం చిట్లించకండి! 'మాక్స్ పేన్ 2' ఆడినవాళ్లకి తెలుసు, అది సగం సినిమాయే. ఫిన్లాండ్‌లోని రెమెడీ సంస్థ తయారుచేయగా 2003 అక్టోబర్‌లో విడుదలైన ఈ రెండో భాగానికి 'ఫిల్మ్ నువార్ ప్రేమకథ' అని వాళ్లే పేరు తగిలించుకున్నారు. నువార్ అంటే మరేం లేదు... వాన, చీకటి, తుపాకి, నమ్మినవాడు పొడిచే వెన్నుపోటు! హీరో న్యూయార్క్ డిటెక్టివ్. భార్యనీ, బిడ్డనీ పోగొట్టుకున్నవాడు. ప్రేమించిందేమో మోనా సాక్స్ అనే కిరాయి హంతకురాలిని! మీట నొక్కితే కాలం నెమ్మదిస్తుంది, తూటాలు గాలిలో ఈదుకుంటూ వస్తాయి. మామూలుగా ఆడితే చివర్లో మోనా చచ్చిపోతుంది. అన్నిటికన్నా కష్టమైన స్థాయిలో గెలిచినవాడికి మాత్రం బతుకుతుంది. క్లైమాక్స్ మార్చమని డిస్ట్రిబ్యూటర్లు పట్టుబట్టడం విన్నాం గానీ, ఆడేవాడి సత్తాని బట్టి మారే క్లైమాక్స్ ఎక్కడైనా చూశామా? ఇంతాచేసి వసూళ్లు అనుకున్నంత రాలేదు. సీక్వెళ్ల జాతకాలు అక్కడా అంతే కాబోలు!

సరే, అసలు సంగతికొస్తాను. ఆ గేమ్‌లోని గోదాములూ, కడుతూ ఉన్న భవనాలూ, దీపాల కింద ఆగిన వ్యాన్లూ చూసినప్పుడల్లా నాకు న్యూయార్క్ గుర్తొచ్చేది కాదు. బొంబాయి హైవే మీది పటాన్‌చెరు గుర్తొచ్చేది. చూసొద్దామని ఓ రోజు పొద్దున్నే సంగారెడ్డి బస్సెక్కాను.

సంగారెడ్డిలో డిటెక్టివ్ కథకి పనికొచ్చే చోటు ఒకటుంది, పాత జైలు. 1796 నాటి కట్టడం. 2016లో మ్యూజియం చేశారు. అదే ఏడు మరో చిత్రం కూడా మొదలుపెట్టారు. అప్పట్లో 500 రూపాయలు కడితే ఏ నేరమూ చెయ్యకుండానే 24 గంటలు ఖైదీగా ఉండనిచ్చేవారు! ఖాదీ బట్టలు, ఓ స్టీలు పళ్లెం, జైలు కూడు. డబ్బిచ్చి జైలుకెళ్లడం మన కామెడీ ట్రాకుల్లో కూడా ఎవరూ రాయలేదనుకుంటాను.

తిరుగు ప్రయాణంలో కంది దగ్గర ఐఐటీ కనిపిస్తుంది. 2008లో పుట్టిన ఆ సంస్థ సొంత క్యాంపస్ వచ్చేదాకా ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో తలదాచుకుంది. సైన్యానికి యుద్ధవాహనాలు చేసే ఫ్యాక్టరీ అది. అంటే కంప్యూటర్ చదువులూ, నిజం ఆయుధాలూ కొన్నాళ్లు ఇరుగుపొరుగున్నమాట!

ఇక మాత్రల సంగతి. గేమ్‌లో మాక్స్‌కి దెబ్బలు తగిలితే నొప్పి మాత్రలు మింగుతాడు. ఎక్కడ చూసినా అవే సీసాలు, బాత్రూమ్ అల్మారాల్లో సహా. మింగగానే లేచి మళ్లీ కాలుస్తాడు. మందులకి కావలసిన ముడిసరుకు టన్నులకొద్దీ తయారయ్యే చోటు మన పటాన్‌చెరు. 1970ల నుంచి ఇక్కడ కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. వాటి మురుగు నక్కవాగులోకి, అక్కణ్నుంచి మంజీరలోకి! పంటలు పోయాయి, బావులు రంగు మారాయి. ఈ కేసులో డిటెక్టివ్‌లు కోటూ టోపీ పెట్టుకున్నవాళ్లు కాదు. అల్లాణి కిషన్‌రావు అనే పటాన్‌చెరు డాక్టరు ఏళ్ల తరబడి దీని వెంటపడ్డారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. తర్వాత స్వీడన్ శాస్త్రవేత్తలు ఇక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లు పట్టుకెళ్లి పరీక్షించారు. 2007లో ఫలితం ప్రకటించారు: లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అలాంటి నీళ్లలో బతకడం నేర్చుకున్న సూక్ష్మజీవి రేపు మనిషికి సోకితే ఏ మందు వాడాలి? తెరమీది విలన్ అయితే చివరి రీల్లో చస్తాడు గానీ వీడు చచ్చేరకం కాదు.

చీకటి పడేసరికి ఇస్నాపూర్‌లో దిగాను. అక్కణ్నుంచి లోపలికి పాశమైలారం. గేమ్‌లో హంతకులు క్లీనింగ్ కంపెనీ వేషంలో వ్యాన్లలో దిగుతారు. ఆ అలవాటు కొద్దీ రోడ్డుపక్క ఆగిన ప్రతి వ్యానునీ అనుమానంగా చూశాను. దిగినవాళ్లంతా టిఫిన్ డబ్బాలు పట్టుకున్న షిఫ్టు మనుషులే!

ఇక్కడే 2025 జూన్ 30 ఉదయం ఓ ఫ్యాక్టరీ పేలింది. మాత్రల్లో కలిపే పొడి తయారుచేసే ఫ్యాక్టరీ. యాభైమందికి పైగా పోయారు. ఒడిశా నుంచీ, బీహార్ నుంచీ, ఉత్తరప్రదేశ్ నుంచీ పనికోసం వచ్చినవాళ్లు వాళ్లలో ఎందరో. కొందరి శరీరాలు ఇంటివాళ్లకి దక్కలేదు. గేమ్‌లో గోదాములు పేలితే కేరింతలు కొట్టినవాణ్ని నేను. ఆ రోడ్డు మీద నిలబడ్డప్పుడు ఆ గేమ్ సంగతి ఎత్తబుద్ధి కాలేదు.

చాయ్ బండి దగ్గర ఇరవయ్యేళ్ల కుర్రాడొకడు ఫోన్లో తుపాకుల ఆట ఆడుతున్నాడు. తెలుగు అంతంత మాత్రం. "ఏ ఊరు తమ్ముడూ?" అన్నాను. "గంజాం, అన్నా" అన్నాడు తలెత్తకుండానే. ఒడిశాలో జిల్లా అది. నైట్ షిఫ్ట్ ఎన్నింటికని అడిగేలోగా సైరన్ మోగింది. ఆట మధ్యలో ఆపేసి, ఫోన్ జేబులో పెట్టుకుని, చాయ్ డబ్బులిచ్చి గేటువైపు పరిగెత్తాడు.