తేటపడేదాకా ఆగగలరా?

బస్తర్‌లోని బైలదిల్లా కొండల కింద ఉన్న కిరండూల్, బచేలిల్లో తెలుగు మాట వినిపించడం వింతేమీ కాదు. 1960లలో జపాన్‌కు ఇనుప ఖనిజం పంపడానికి కొత్తవలస నుంచి వేసిన రైలు మార్గం ఈ ఊళ్లను విశాఖపట్నంతో ముడివేసింది. అలాంటి చోట ఒక క్వార్టర్ హాల్లోకి కొత్తగా అక్వేరియం వచ్చిందనుకోండి. మొదటి రోజు నీళ్లు అద్దంలా ఉంటాయి. మూడో రోజుకల్లా బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడతాయి. ఇంటాయన వెంటనే ట్యాంకు ఖాళీ చేసి, రాళ్లనూ ఫిల్టరు స్పాంజినీ కుళాయి కింద రుద్ది కడిగి కొత్త నీళ్లు నింపుతాడు. రెండు రోజుల్లో మళ్లీ తెలుపు. మళ్లీ కడుగుడు. ఆఖరికి చేపలు పైకి తేలతాయి. తప్పు ఊరి నీళ్లదని తీర్పు.

నిజానికి ఆ తెలుపు చాలావరకు బ్యాక్టీరియా. మిగిలిపోయిన మేత తిని ఒక్కసారిగా పెరుగుతుంది, కదపకుండా వదిలేస్తే వారం పది రోజుల్లో తగ్గుతుంది. చేపలను చంపేది వేరే. వాటి విసర్జనల నుంచి పుట్టే అమ్మోనియా. దానికి రంగు లేదు. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. మరో రకం దాన్ని పెద్దగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ రెండూ స్పాంజికీ రాళ్లకూ అంటుకుని స్థిరపడడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. కుళాయి కింద కడిగిన ప్రతిసారీ, అందులోనూ క్లోరిన్ నీళ్లయితే, ఆ కాపురం మొదటికొస్తుంది. ఇక అద్దంలా మెరిసే నీళ్లలోనే చేపకు ఊపిరాడదు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఇనుము ఎక్కువగా ఉన్న బోరు నీళ్లు తోడినప్పుడు తేటగానే ఉంటాయి. గాలి తగిలాక కరిగిన ఇనుము తుప్పుగా మారి, తెల్లారేసరికి ఎర్రబారతాయి. (గనుల ఖనిజ ధూళితో శంఖిని నది ఎర్రబడిందన్నది ఈ ప్రాంతంలో దశాబ్దాల నాటి ఫిర్యాదు. ఆ విషయంలో మాత్రం ఓపిక పట్టమని ఎవరూ చెప్పలేరు.) అలాంటి నీళ్లను బకెట్లో పోసి, ఒక రోజు గాలి పంపు పెట్టి, మడ్డి అడుక్కి దిగాక పైతేట వాడుకోవాలి. పటిక తిప్పడం, ఇండుపగింజ అరగదీసి కలపడం మన ఇళ్లలో పాత అలవాట్లే. కడవకు అవి సరే. చేపలున్న ట్యాంకులో పటిక తిప్పితే నీటి ఆమ్లత మారి అసలుకే మోసం.

ట్యాంకు నింపిన గంటలోనే నీళ్లు మసకబారితే అది కడగని ఇసుక దుమ్ము. ఆకుపచ్చగా మారితే కిటికీ ఎండకు పెరిగిన నాచు. తెలుపు ఒక్కటే ఓపిక అడుగుతుంది. రెండు నిమిషాల్లో తినగలిగినంతే మేత వేయాలి. నీళ్లు మార్చాల్సి వస్తే నాలుగో వంతే, అదీ క్లోరిన్ పోగొట్టాకే. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. అమ్మే వాళ్లలో ఈ మాట చెప్పేవారు తక్కువ, వారం తిరక్కుండా మరో జత అమ్ముడవుతుంది మరి! టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగాకే ఆ రెండో జతను ఇంటికి తెచ్చుకోవాలి.